గాలి, ఎత్తు, పీడనం: హైదరాబాద్ లెక్కల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

పాఠ్యపుస్తకాల్లో గాలి గురించి కనిపించే అంకెలు చాలావరకు సముద్రమట్టానివి, అదీ 15 డిగ్రీల దగ్గరవి. హైదరాబాద్‌కు ఆ రెండూ వర్తించవు. నగరం దక్కన్ పీఠభూమి మీద సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, మే మధ్యాహ్నాలు 40 దాటతాయి. అందుకే కింది జవాబుల్లో వీలైనచోటల్లా మన ఊరి అంకెలే ఇచ్చాం. ఉష్ణోగ్రతలు సెల్సియస్‌లో, పీడనాలు హెక్టోపాస్కళ్లలో ఉన్నాయి. పాతకాలం మిల్లీబార్, ఇప్పటి హెక్టోపాస్కల్ రెండూ ఒకటే.

గాలిలో ఏమేం ఉంటాయి? కొండ ఎక్కితే ఆక్సిజన్ శాతం తగ్గుతుందా?

పొడి గాలిలో నైట్రోజన్ 78.08 శాతం, ఆక్సిజన్ 20.95, ఆర్గాన్ 0.93. కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం పైచిలుకు. నీటి ఆవిరి వీటికి అదనం. వేసవిలో 1 నుంచి 2 శాతం, వానాకాలంలో 3 శాతం దాకా ఉంటుంది.

శాతం తగ్గదు. చార్మినార్ దగ్గరైనా, లేహ్‌లోనైనా, దాదాపు 80 కిలోమీటర్ల ఎత్తు వరకూ ఆక్సిజన్ వాటా అదే 20.95. తగ్గేది మొత్తం గాలి. ఒక్కో ఊపిరికి లోపలికి వెళ్లే అణువుల సంఖ్య తగ్గుతుంది కాబట్టి ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. "పైన ఆక్సిజన్ ఉండదు" అనే మాట అందుకే సగం తప్పు.

గాలికి బరువుందా? మా పడకగదిలో గాలి ఎన్ని కిలోలు తూగుతుంది?

10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న గది అంటే 34 ఘనపు మీటర్లు. 27 డిగ్రీల దగ్గర హైదరాబాద్ గాలి ఘనపు మీటరుకు 1.10 కిలోలు. మొత్తం 37 కిలోలు, అంటే బియ్యం బస్తా ఒకటిన్నర. పుస్తకంలో ఉండే 1.225 వేసుకుంటే దాదాపు 42 కిలోలు వస్తుంది. ఆ తేడా మన ఊరి ఎత్తు వల్ల, వేడి వల్ల.

ఒకే ఊళ్లో కూడా ఇది మారుతుంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలుంటే 1.15, మే మధ్యాహ్నం 40 డిగ్రీలకు 1.06.

అంత బరువు మీద పడుతుంటే మనం నలిగిపోమేం?

అరచేతి మీద సుమారు 145 కిలోల బరువంత ఒత్తిడి ఉంటుంది. అంతే ఒత్తిడి చేతి వెనక నుంచీ, శరీరం లోపలి ద్రవాల నుంచీ ఉంటుంది. రెండూ సరితూగుతాయి. తేడా వచ్చినప్పుడే, ఉదాహరణకు ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు, చెవులకు తెలుస్తుంది.

వానాకాలంలో ఉక్కగా ఉంటే గాలి బరువెక్కిందంటాం. నిజమేనా?

కాదు, తేలికవుతుంది. నీటి ఆవిరి అణుభారం 18, పొడి గాలి సగటు 29. ఆవిరి చేరిన మేరకు బరువైన అణువులు పక్కకు తప్పుకుంటాయి. 30 డిగ్రీల దగ్గర బాగా తేమగా ఉన్న గాలి పొడిగాలి కన్నా 1 శాతం పైగా తేలిక. మనకు బరువుగా తోచేది చెమట ఆరకపోవడం.

నా ప్రెషర్ సెన్సర్ 948 చూపిస్తోంది. వాతావరణ యాప్‌లో 1,009 ఉంది. సెన్సర్ పాడైందా?

మాకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. సెన్సర్ బాగానే ఉంది. అది కొలిచేది మీ ఇంటి దగ్గర ఉన్న అసలు పీడనం. యాప్ చూపేది "ఇదే చోటు సముద్రమట్టంలో ఉంటే ఎంత ఉండేది" అన్న లెక్క. వేర్వేరు ఎత్తుల్లో ఉన్న ఊళ్లను ఒకే పటం మీద పోల్చాలి కాబట్టి వాతావరణ శాఖలు అలా మార్చి చెబుతాయి.

మీరూ మార్చుకోవచ్చు:

1. మీ ఇంటి ఎత్తు తెలుసుకోండి. "హైదరాబాద్ 540" అని ఊరికే వేసుకోవద్దు. మూసీ ఒడ్డుకూ జూబ్లీహిల్స్‌కూ సుమారు 100 మీటర్ల తేడా ఉంది, అది 11 హెక్టోపాస్కళ్లకు సమానం. అయిదో అంతస్తులో ఉంటే మరో 15 మీటర్లు కలపండి.
2. ఆ ఎత్తును 44,330తో భాగించి, వచ్చినదాన్ని 1 లోంచి తీసేయండి.
3. మిగిలినదాన్ని 5.255 ఘాతానికి పెంచండి. 540 మీటర్లకు 0.938 వస్తుంది.
4. సెన్సర్ అంకెను దానితో భాగించండి. 948 ÷ 0.938 అంటే దాదాపు 1,011.

ఇంత చేశాక కూడా యాప్‌తో రెండు మూడు అంకెల తేడా మిగులుతుంది. ఎండాకాలంలో అయిదారు కూడా ఉండొచ్చు. కారణం ఉంది. పై సూత్రం సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు అనుకుని లెక్క కడుతుంది. 40 డిగ్రీల గాలి పలచన కాబట్టి మన కింద ఉందనుకున్న 540 మీటర్ల గాలిస్తంభం బరువు 63 కాకుండా 57 హెక్టోపాస్కళ్లే అవుతుంది. వాతావరణ పటాలకు అసలు ఉష్ణోగ్రత వాడతారు, విమానాల్లో ఎత్తు చూపే ఆల్టీమీటరుకు ఇచ్చే అంకెకు మాత్రం ఆ 15 డిగ్రీల ప్రామాణిక వాతావరణమే వాడతారు. శంషాబాద్ విమానాశ్రయం ఇచ్చే అంకెతో పోల్చుకుంటే మీ లెక్క దగ్గరగా సరిపోతుంది.

ఎత్తును ఫోన్ జీపీఎస్‌లో చూసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. కొన్ని యాప్‌లు సముద్రమట్టం నుంచి కాకుండా ఉపగ్రహాలు వాడే గణిత గోళం నుంచి ఎత్తు చెబుతాయి. మన ప్రాంతంలో అది అసలు ఎత్తుకన్నా 70 మీటర్లకు పైగా తక్కువగా ఉంటుంది. హైదరాబాద్‌లో నిలబడి 465 కనిపిస్తే అదే సంగతి.

సెన్సర్‌ను బల్ల మీంచి కదపలేదు. అయినా సాయంత్రానికి ఇల్లు 30 మీటర్లు పైకి లేచినట్టు చూపిస్తోంది?

ఉష్ణమండలంలో పీడనానికి రోజూ రెండు ఆటుపోట్లుంటాయి. ఉదయం 10 ప్రాంతంలోనూ రాత్రి 10 ప్రాంతంలోనూ ఎక్కువ, తెల్లవారుజామున 4కూ సాయంత్రం 4కూ తక్కువ. పగటి పోటు పెద్దది, 3 నుంచి 4 హెక్టోపాస్కళ్లు. హైదరాబాద్ ఎత్తులో 1 హెక్టోపాస్కల్ తగ్గితే సుమారు 9 మీటర్లు ఎక్కినట్టు లెక్క. సూర్యుడు పై వాతావరణాన్ని వేడి చేయడం వల్ల పుట్టే అల ఇది. తుపాను రాలేదు, బ్యాటరీ అయిపోలేదు.

అల్పపీడనం బంగాళాఖాతం నుంచి తెలంగాణ మీదికి వచ్చినప్పుడు తగ్గుదల దీనికి అదనం. వాన సూచన కోసం చూసేవాళ్లు ఇవాళ సాయంత్రాన్ని ఇవాళ ఉదయంతో పోల్చకూడదు. నిన్న ఇదే సమయంతో పోల్చాలి.

ఈ తగ్గుదలను స్వయంగా చూడాలంటే ఎక్కడ చూడొచ్చు?

గోల్కొండ. కింది ద్వారం నుంచి బాలాహిసార్ బారాదరి దాకా సుమారు 120 మీటర్ల ఎత్తు. 13 హెక్టోపాస్కళ్ల తేడా రావాలి. బారోమీటర్ ఉన్న ఫోనైనా చాలు (ఖరీదైన మోడళ్లలో ఉంటుంది, చవక వాటిలో తరచూ ఉండదు).

కింద అయిదు నిమిషాలు నీడలో నిలబడి అంకె రాసుకోండి. పైకి వెళ్లి మళ్లీ అయిదు నిమిషాలు ఆగి రాసుకోండి. దిగాక కింద మూడోసారి కొలవడం మరిచిపోవద్దు. ఎక్కి దిగేసరికి గంట గడుస్తుంది, ఆ గంటలో రోజువారీ అల వల్లే ఒక హెక్టోపాస్కల్ మారొచ్చు. కింది రెండు అంకెల సగటు తీసి, దాన్నుంచి పై అంకెను తీసేస్తే ఆ దోషం పోతుంది.

విడి సెన్సర్ వాడితే రెండు జాగ్రత్తలు. దాని చిన్న రంధ్రం మీద నేరుగా ఎండ పడితే అంకె గెంతుతుంది. గాలి ఈడ్చి కొట్టినా అంతే. రంధ్రాలున్న డబ్బాలో, లోపల పలచని స్పాంజి పెట్టి ఉంచండి. గాలి చొరబడని డబ్బాలో పెడితే అది డబ్బా పీడనాన్నే కొలుస్తుంది, కొండ ఎక్కినా అంకె అనుకున్నంత మారదు.

పైకి వెళ్లేకొద్దీ పీడనం ఎలా తగ్గుతుంది?

ఒకే మోతాదులో కాదు. గాలిని నొక్కితే కుదించుకుంటుంది కాబట్టి దొంతరగా పేర్చిన దూది బొంతల్లో అడుగుది అణిగినట్టు, కిందిపొరలోనే ఎక్కువ గాలి ఇరుక్కుని ఉంటుంది. అయిదున్నర కిలోమీటర్లకు సగమవుతుంది. 16 కిలోమీటర్లు దాటేసరికి పదో వంతు మిగులుతుంది, 31 దగ్గర నూరో వంతు.

| చోటు | ఎత్తు (మీ.) | పీడనం | ఆక్సిజన్ వాటా పీడనం | నీరు మరిగేది |
|---|---|---|---|---|
| విశాఖ తీరం | 0 | 1,013 | 212 | 100 |
| హైదరాబాద్ | 540 | 950 | 199 | 98.2 |
| ఊటీ | 2,240 | 771 | 162 | 92.6 |
| లేహ్ | 3,500 | 658 | 138 | 88 |
| ఖర్దుంగ్ లా కనుమ (లడఖ్) | 5,359 | 515 | 108 | 82 |

ఇవి ప్రామాణిక వాతావరణపు లెక్కలు. ఆ రోజు వాతావరణాన్ని బట్టి కొన్ని అంకెలు అటూ ఇటూ అవుతాయి.

సూర్యుడికి దగ్గరవుతున్నాం కదా, పైన చలెందుకు?

సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అయిదు కిలోమీటర్లు దగ్గరైతే ఒరిగేదేమీ లేదు. గాలి ఎండకు నేరుగా పెద్దగా వేడెక్కదు. ఎండ నేలను కాలుస్తుంది, నేల గాలిని కాలుస్తుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తే అక్కడ పీడనం తక్కువ కాబట్టి వ్యాకోచిస్తుంది. చుట్టూ ఉన్న గాలిని తోసుకోవడానికి తన వేడినే ఖర్చు చేస్తుంది. పొడిగాలి ఇలా కిలోమీటరుకు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. మేఘం కట్టాక ఆవిరి నీరుగా మారుతూ వేడి విడుదల చేస్తుంది, అందుకని తగ్గుదల నెమ్మదిస్తుంది. అన్నీ కలిపిన సగటు కిలోమీటరుకు 6.5.

అయితే పైకి వెళ్తే ఎప్పుడూ చల్లగానే ఉంటుందా?

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఉండదు. నిర్మలమైన, గాలి లేని రాత్రి నేల వేడి కోల్పోయి ముందు తను చల్లబడుతుంది, తరువాత తనను ఆనుకున్న గాలిని చల్లబరుస్తుంది. నేల దగ్గర 12 డిగ్రీలుంటే వంద, రెండు వందల మీటర్ల పైన 15 ఉండొచ్చు. బరువైన చల్లగాలి కింద, తేలికైన వెచ్చని గాలి పైన ఉంటే రెండూ కలవవు. వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ ఆ మూత కిందే పరుచుకుంటాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కేదాకా, అంటే ఉదయం 9, 10 గంటల దాకా మూత ఉంటుంది. ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు చలికాలంలో తెల్లవారుజాము నడకను ఆ తరువాతకు మార్చుకోవడం మేలు. చెరువుల పక్కన, పల్లంలో ఉన్న కాలనీల్లో మూత మరింత గట్టిగా ఉంటుంది.

లేహ్‌లో పప్పు ఉడకదంటారు. కుక్కర్ ఉంటే చాలా?

చాలావరకు చాలు. మామూలు గిన్నెలో నీరు 88 డిగ్రీలకే మరుగుతుంది, మంట ఎంత పెంచినా అంతకు మించదు, ఆవిరి మాత్రమే పెరుగుతుంది. కుక్కర్ వెయిట్ బయటి పీడనానికి సుమారు ఒక కిలో, అంటే చదరపు సెంటీమీటరుకు కిలో, అదనంగా కలుపుతుంది. హైదరాబాద్‌లో లోపల 119 డిగ్రీలు వస్తే లేహ్‌లో 114 వస్తుంది. కందిపప్పుకు ఇక్కడ నాలుగు విజిల్స్ పెట్టేవాళ్లు అక్కడ ఆరేడు పెట్టాలి. గిన్నెలో వండితే ఎసరు ఎక్కువ పోయాలి, పప్పు ముందే నానబెట్టాలి.

హైదరాబాద్‌లో 1.8 డిగ్రీల తగ్గుదల వంటలో తెలియదు. థర్మామీటరును మరిగే నీళ్లలో పెట్టి పరీక్షించేవాళ్లు మాత్రం 98.2కు సరిచూసుకోవాలి, 100కు కాదు.

బోరులో నీళ్లు 60 అడుగుల్లోనే ఉన్నాయి. పైన పెట్టిన మోటారు ఎందుకు లాగదు?

మోటారు నీటిని లాగదు. పైపులో గాలి తీసేస్తుంది, బయటి గాలి నీటిని పైకి తోస్తుంది. ఆ గాలికి ఉన్న బలమంతా 950 హెక్టోపాస్కళ్లు. 9.7 మీటర్ల నీటిస్తంభానికి సరిపోతుంది, విశాఖలోనైతే 10.3. నీరు 35 డిగ్రీల వేడిగా ఉంటే దాని సొంత ఆవిరి మరో అర మీటరు తినేస్తుంది. పైపు రాపిడి, వంకలు పోగా చేతికొచ్చేది ఆరున్నర, ఏడు మీటర్లు, అంటే 22 అడుగులు. మూడు గుర్రాల మోటారు పెట్టినా ఇది మారదు. అంతకన్నా లోతైతే సబ్‌మెర్సిబుల్ దించాల్సిందే, అది కింద నుంచి తోస్తుంది కాబట్టి ఈ హద్దు దానికి లేదు.

సంప్ మీద పెట్టిన మోటారు నిన్నటిదాకా ఎక్కించి ఇవాళ ఊరికే తిరుగుతోందా? ముందు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ చూడండి, చెత్త ఇరుక్కుని నీరు జారిపోయి ఉంటుంది. తరువాత సక్షన్ పైపు జాయింట్లు. నీరు కారే లీకు కంటికి కనిపిస్తుంది, గాలి పీల్చే లీకు కనిపించదు. జాయింటుకు సబ్బు నురగ రాసి మోటారు వేస్తే లీకున్నచోట నురగ లోపలికి పోతుంది. మళ్లీ నీళ్లు పోసి ప్రైమ్ చేశాకే నడపండి. ఎక్కువసేపు ఖాళీగా తిరిగితే సీలు కాలిపోతుంది.

మేఘం ఎంత ఎత్తున మొదలవుతుంది? మే నెలలో మబ్బు పట్టి కూడా వాన పడదేం?

గాలి ఉష్ణోగ్రతలోంచి మంచుబిందు ఉష్ణోగ్రతను (గాలి ఎంతకు చల్లబడితే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో అది) తీసేసి 125తో గుణించండి. గుమ్మటంలా లేచే మేఘాలకు అడుగు ఎంత ఎత్తులో ఉందో మీటర్లలో వస్తుంది. జులైలో 30, 23 ఉంటే 875 మీటర్లు. మేలో 40, 16 ఉంటే 3,000 మీటర్లు. మూడు కిలోమీటర్ల పొడిగాలిలోంచి రాలే చినుకు దారిలోనే ఆవిరైపోతుంది. ఆవిరయ్యే చినుకు గాలిని చల్లబరుస్తుంది, చల్లబడి బరువెక్కిన ఆ గాలి కిందికి విరుచుకుపడుతుంది. వాన చుక్క లేకుండా దుమ్ము, ఈదురుగాలి, విరిగిన చెట్లు మిగిలేది అలాగే.

పొరలు ఎక్కడ మారతాయి?

కిందిపొర ట్రోపోస్ఫియర్, వాతావరణమంతా దీనిలోనే. పుస్తకాలు దీని పైహద్దు 11 కిలోమీటర్లు, మైనస్ 56.5 అంటాయి. అది మధ్య అక్షాంశాల సంగతి. హైదరాబాద్ మీద హద్దు 16, 17 కిలోమీటర్ల దగ్గర, మైనస్ 80 చుట్టూ ఉంటుంది. దాని పైన స్ట్రాటోస్ఫియర్‌లో ఓజోన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకోవడంతో మళ్లీ వేడెక్కి, 50 కిలోమీటర్ల దగ్గర సున్నా డిగ్రీల సమీపానికి వస్తుంది. ఆపైన మీసోస్ఫియర్ 85 దాకా, మైనస్ 90 వరకూ చల్లబడుతుంది. తరువాత థర్మోస్ఫియర్. 100 కిలోమీటర్లను అంతరిక్షపు గీతగా చాలామంది వాడతారు, అక్కడ గాలిలో కనిపించే గీత ఏదీ లేదు.

పొలంలో పెద్ద బెలూన్, డబ్బా పడ్డాయి. ఏం చేయాలి?

రెండు రకాలుంటాయి. వాతావరణ శాఖ రేడియోసాండ్ (పైగాలిని కొలిచి రేడియోలో చెప్పే పరికరం) బెలూన్ చిన్నది. ఉదయం, సాయంత్రం 5:30 పరిశీలనల కోసం వదులుతారు. నిమిషానికి సుమారు 300 మీటర్ల చొప్పున ఎక్కుతూ ఉబ్బి, 30 కిలోమీటర్ల ప్రాంతంలో పగులుతుంది. డబ్బా చిన్నది, తేలిక.

రెండోది హైదరాబాద్‌లోని టాటా పరిశోధనా సంస్థ బెలూన్ కేంద్రం వదిలే భారీ పాలిథీన్ బెలూన్. 30 నుంచి 40 కిలోమీటర్ల దాకా పరికరాలు మోస్తుంది, అవి పారాచూట్‌తో చుట్టుపక్కల జిల్లాల్లో దిగుతాయి. కొన్నిటిలో అధిక వోల్టేజీ ఉంటుంది. విప్పొద్దు, కదపొద్దు. డబ్బా మీద రాసిన చిరునామాకో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో చెప్పండి. 2005లో ఇక్కడి నుంచే వెళ్లిన బెలూన్ తెచ్చిన గాలి నమూనాల్లో అంతకుముందు తెలియని మూడు బ్యాక్టీరియా జాతులు దొరికాయి. వాటిలో ఒకదానికి ఇస్రో పేరు, మరోదానికి ఆర్యభటుడి పేరు పెట్టారు.

ఎండాకాలం మధ్యాహ్నం విమానాలకు ఇబ్బందేంటి?

పలచని గాలిలో రెక్కకు పట్టు తక్కువ, ఇంజనుకు ఊపిరి తక్కువ. శంషాబాద్ 617 మీటర్ల ఎత్తున ఉన్నా, 42 డిగ్రీల వేడిలో అక్కడి గాలి సుమారు 1,650 మీటర్ల ఎత్తున ఉండే గాలంత పలచబడుతుంది. పైకి లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. 4,260 మీటర్ల రన్‌వే ఉంది కాబట్టి ఇక్కడ గడిచిపోతుంది. చిన్న రన్‌వేల దగ్గర సరుకు తగ్గించుకోవాల్సి వస్తుంది.

ఎగిరాక క్యాబిన్‌లో పీడనం 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తుకు సమానంగా ఉంచుతారు. చిప్స్ పొట్లం ఉబ్బేది అందుకే. చెవులు మూసుకుపోయేది ఎక్కువగా దిగేటప్పుడు. మింగడం, ఆవలించడం చాలు. జలుబుతో ముక్కు బిగిసి ఉన్నప్పుడు ప్రయాణం వాయిదా వేసుకోవడం మంచిది.

హైదరాబాద్ నుంచి విమానంలో లేహ్ వెళ్తున్నాం. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందా?

పెరగదు. ముక్కు తెరుచుకున్నట్టు చల్లగా అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ అంతే ఉంటుంది. చిన్న స్ప్రే ఆక్సిజన్ డబ్బాలు కూడా కొద్ది నిమిషాల ఊరట మాత్రమే.

పనికొచ్చేది సమయం. దిగిన మొదటి 48 గంటలు విశ్రాంతి. మెట్లు నెమ్మదిగా ఎక్కండి, మద్యం వద్దు, నిద్రమాత్రలు వద్దు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఇంకా పైకి వెళ్లొద్దు. కూర్చున్నా ఆయాసం, తెరలుతెరలుగా దగ్గు, నడకలో తూలడం, తికమక మాటలు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు రాకుండా వేసుకునే అసెటజోలమైడ్ మాత్రలు వాడాలంటే బయలుదేరకముందే డాక్టరును అడగండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు తప్పనిసరిగా అడగాలి.

బండి మీద లడఖ్ వెళ్తే టైర్లలో గాలి తగ్గించాలా?

గేజి చూపేది లోపలి పీడనానికీ బయటి పీడనానికీ మధ్య తేడా. బయట 292 హెక్టోపాస్కళ్లు తగ్గితే గేజి 4 పీఎస్‌ఐ పెరగాలి. కానీ 40 డిగ్రీల హైదరాబాద్ నుంచి 10 డిగ్రీల లేహ్‌కు వెళ్లేసరికి చలికి 4 పైగా తగ్గుతుంది. ఇక్కడ 33 పట్టిన టైరు అక్కడ చల్లగా ఉన్నప్పుడు 33 దగ్గరే చూపిస్తుంది. ముందే తీసేస్తే చలి రాత్రికి మరీ మెత్తబడుతుంది. రోజూ ఉదయం బండి కదలకముందు కొలిచి, కంపెనీ చెప్పిన అంకెకు సరిచేసుకోండి.

పైకి వెళ్తే శబ్దం నెమ్మదిస్తుందా?

అవును, కానీ పీడనం వల్ల కాదు, చలి వల్ల. 15 డిగ్రీలకు సెకనుకు 340 మీటర్లు, 40 డిగ్రీలకు 355. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ఇంట్లోకి వెళ్లాలి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా డాబా మీదికి రాకూడదు.